ఆఖరి మాత్ర వేసుకున్నాక

ఫిబ్రవరి ఆఖరి వారం

పొద్దున టిఫిన్ తిని ఆఖరి మాత్ర వేసుకున్నాను. ఖాళీ సీసాని చెత్తబుట్టలో వేయబోయి ఆగి, మళ్ళీ బీరువాలోనే పెట్టాను. ఎందుకు పెట్టానంటే చెప్పలేను. ఇరవై నాలుగు వారాలపాటు రోజూ ఒకే వేళకి వేసుకున్న మందు అది. అది ఒంట్లో ఉన్నన్నాళ్ళూ గుమ్మంలో ఎవరో కాపలా కూర్చున్నట్టుండేది. రేపటినుంచి ఆ కాపలా లేదు.

"అయిపోయాయా?" అన్నారు మా ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"అయిపోయాయి."

"అయితే..." అని ఏదో అనబోయి ఊరుకున్నారు. ఎందుకు ఊరుకున్నారో నాకు తెలుసు. అంతకుముందు ఏడాది ఇలాగే మూడు నెలల కోర్సు అయిపోయిన రోజున ఆయన కిలో కోవా కొనుక్కొచ్చి మా వరసలో ఉన్న షాపులన్నిటికీ పంచారు. దేనికని అడిగితే మొక్కు తీరిందన్నారు. మరో మూడు నెలలకి రక్తపరీక్ష చేస్తే జబ్బు మళ్ళీ వచ్చిందని తేలింది. అందుకని ఈసారి ఇద్దరం నోరు మెదపలేదు. ఆయన బండి తీశారు, నేను వెనక కూర్చున్నాను. రోజూ వెళ్ళినట్టే ఆటోనగర్‌లో మా షాపుకి వెళ్ళాం.

నా పేరు రాజ్యలక్ష్మి. యాభై దగ్గర పడుతున్నాయి. మాది లారీ విడిభాగాల షాపు, బిల్లింగు కౌంటరు నాది. పుట్టిల్లు కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున. మా నాన్న చేపల మనిషి, ఇప్పుడు ఆ పని మా తమ్ముడు శ్రీను చూసుకుంటున్నాడు. నాకొచ్చిన జబ్బు హెపటైటిస్ సి, రక్తం ద్వారా అంటుకుని లివర్‌ని పాడుచేసేది. మందులు అయిపోయాక, అందరూ "ఇంకేం, సంతోషంగా ఉండు" అంటుంటే, ఆ సంతోషం ఎంతకీ రాక కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరొక్కరే అలా లేరు.

అది బయటపడిన తీరు చెప్పాలి. మా పక్కన వెల్డింగ్ షెడ్డు నడిపే ఆయన భార్యకి ఆపరేషన్ అంటే ఓ నెగెటివ్ రక్తం కావాలన్నారు. నాది అదే గ్రూపు. ఇచ్చాను. జ్యూస్ తాగి, షాపుకొచ్చి, బిల్లులు రాసుకున్నాను. నాలుగో రోజున బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోను. "ఒకసారి మీరే రావాలి మేడమ్, ఫోన్లో చెప్పేది కాదు" అంది ఒకమ్మాయి. వెళితే ముందు చెప్పిన మాట, "మీ రక్తం ఎవరికీ ఎక్కించలేదండీ, కంగారుపడకండి" అని. ఆ తర్వాత ఆమె చెప్పినవేవీ నా చెవికెక్కలేదు.

ఎక్కడినుంచి వచ్చింది? చిన్నప్పుడు మా ఊరికి సైకిల్ మీద వచ్చే డాక్టరు ఒకే సూదితో వీధంతటికీ ఇంజెక్షన్లు చేసేవాడు. మా అమ్మాయి హారిక పుట్టిన కొన్నేళ్ళకి నాకు గర్భసంచి ఆపరేషన్ చేసి రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకా ఏమైనా కావచ్చు. "ఏ దారిన వచ్చిందో వెతుక్కుంటూ పోతే మీ నిద్ర పోతుంది తప్ప తేలదమ్మా. ముందు ఇంట్లోవాళ్ళకి పరీక్ష చేయించండి" అన్నారు డాక్టరు గారు. మా ఆయనకి, హారికకి చేయించాం. ఫలితం వచ్చేదాకా ఆ రెండు రోజులూ నేను దేవుడి గదిలోకి కూడా వెళ్ళలేకపోయాను. ఏమని అడగాలో తెలియలేదు. ఇద్దరికీ లేదని వచ్చింది.

మార్చి, ఏప్రిల్

అసలు భయం మందులు ఆపాకే మొదలైంది. పన్నెండు వారాలు ఆగి, రక్తంలో వైరస్ ఉందో లేదో చూడాలి. అప్పటిదాకా ఏమీ చెప్పలేం అన్నారు డాక్టరు గారు. మధ్యలో చూస్తే ఏమవుతుందని అడిగాను. "చూసి లేదని చెప్పినా మీరు నమ్మరు కదమ్మా" అని నవ్వారు. నిజమే.

పొద్దున లేవగానే అద్దంలో కళ్ళ కింద రెప్పలు లాగి చూసుకునేదాన్ని, పచ్చబడ్డాయేమోనని. మధ్యాహ్నం కాస్త నీరసం అనిపిస్తే చాలు, కౌంటరు దగ్గర అంకెలు తప్పులు పోయేవి. పోయినసారి తిరగబెట్టేముందు కూడా ఇలాగే ఉందా? గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించేదాన్ని. ఏమీ గుర్తొచ్చేది కాదు. నిజానికి పోయినసారి నాకు ఒంట్లో ఏమీ అనిపించలేదు. అదే ఇంకా భయం.

అప్పటికి హారికకి నాలుగో నెల. అల్లుడు కిరణ్ గన్నవరం ఎయిర్‌పోర్టులో పనిచేస్తాడు, అక్కడే ఇల్లు. మొదటి కాన్పు కాబట్టి పురిటికి మా ఇంటికే రావాలి. ఆ మాట ఎత్తితే మా వియ్యపురాలు సుజాత గారు చాలా మర్యాదగా అన్నారు: "వదిన గారూ, మీరేమీ అనుకోకండి. మీ పరీక్ష ఏదో అయ్యాక చూద్దాం. పసిబిడ్డ ఉండే ఇల్లు కదా."

"తాకితే, కలిసి తింటే రాదండీ. డాక్టరు గారే చెప్పారు."

"నాకు తెలుసు వదిన గారూ. నాకు తెలుసు గానీ..."

ఆవిడ మంచి మనిషే. ఆవిడ చోటులో నేనున్నా అదే అనేదాన్నేమో. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీద అలా కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ "గానీ" నేను అంతకుముందే విన్నాను. మా తమ్ముడి ఇంట్లో విన్నాను.

నాకు జబ్బుందని తెలిసిన వారంలోనే శ్రీనుకి ఫోన్ చేసి, "ఒరేయ్, చిన్నప్పుడు మనిద్దరికీ ఒకే సూది గుచ్చేవాడురా, నువ్వు కూడా ఒకసారి చూపించుకో" అన్నాను. వాడికి కోపం వచ్చింది. "నాకేం రోగం? దున్నపోతులా ఉన్నాను" అన్నాడు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి.

రెండో కోర్సు మధ్యలో, నవంబరులో, వాడి కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. మేనత్తని, వెళ్ళకుండా ఎలా? పట్టు చీర కట్టుకుని, పిల్లకి పరికిణీ గుడ్డ తీసుకుని వెళ్ళాను. పందిట్లో నేను బొట్టు పెట్టడానికి లేచేసరికి శ్రీను నా మోచెయ్యి పట్టుకోకుండానే, పక్కకి రమ్మని తల ఊపాడు.

"అక్కా, అక్షింతలు దూరం నుంచి వేసెయ్. ఏమీ అనుకోకు. నలుగురూ చూస్తున్నారు."

"అంటుకోదురా అది."

"తెలుసు గానీ..."

భోజనాల దగ్గర మరదలు పద్మ నాకొక్కదానికే కాగితం గ్లాసులో నీళ్ళు తెచ్చింది. తల ఎత్తి నా మొహం చూడలేదు. నేను విస్తరి మడిచేసి, మా ఆయన చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి నడిచాను. ఆయన ఏలూరు దాటాక బండి పక్కన ఆపి, ఇడ్లీ కట్టించుకొచ్చి నా ఒళ్ళో పెట్టారు. "తిను. మాత్ర వేసుకోవాలి" అన్నారు. ఆ తర్వాత శ్రీను, నేను మాట్లాడుకోలేదు.

మే నెల ఆఖరు

పన్నెండు వారాలు నిండాయి. రోహిణి ఎండలు. రక్తం ఇవ్వడానికి వెళితే డాక్టరు గారి వెయిటింగ్ హాలు కిక్కిరిసి ఉంది. టోకెన్ నలభై మూడు. మా ఆయనకి షాపులో తప్పని లోడు ఉంటే ఒక్కదాన్నే వెళ్ళాను. నా పక్కన పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు కూర్చున్నారు. మైలవరం అవతల మామిడి తోటట. ఆయన చేతిలో ఉన్న ఫైలూ, నా చేతిలో ఉన్న ఫైలూ ఒకే రంగు. ఒకరి ఫైలు ఒకరం చూసుకున్నాం.

"మీకూ అదేనా అమ్మా?"

తలూపాను. ఆ మాట అంత మామూలుగా అడిగిన మనిషి నాకు అప్పటిదాకా తగల్లేదు.

"నాకు తగ్గి మూడేళ్ళయింది. ఏడాదికోసారి ఊరికే చూపించుకెళతాను. ఒక సంగతి చెప్తా గుర్తుపెట్టుకోండి. నేను కంటి ఆపరేషన్‌కి వెళితే అక్కడ చిన్న కార్డు మీద పరీక్ష చేసి, మళ్ళీ ఉందన్నారు. మా ఇంట్లో ఒకటే ఏడుపులు. పరిగెత్తుకుంటూ ఇక్కడికొచ్చాను. జబ్బు పోయినా ఒంట్లో దాని జాడ ఉంటుందట, ఆ కార్డు జన్మంతా అలాగే చూపిస్తుందట. ఇవాళ మీరు ఇచ్చే పరీక్షే అసలుది. ఆ కాగితం మాత్రం ఎక్కడికెళ్ళినా దగ్గరుంచుకోండి."

"మళ్ళీ వస్తే? నాకు ఒకసారి వచ్చిందండీ."

ఆయన వెంటనే "రాదులే" అనలేదు. అందుకే ఆయన మీద నమ్మకం కలిగింది. సంచిలోంచి తాటిముంజలు తీశారు. "మా ఆవిడ కట్టిచ్చింది. ఎండన పడొచ్చారు, తినండి" అన్నారు. ఒకే పొట్లంలోంచి ఆయనొకటి, నేనొకటి తిన్నాం. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూసీ చూడనట్టు ఫ్యాన్ వంక చూస్తూ కూర్చున్నారు.

జూన్

ఫలితానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. ఐదో రోజుకి కూడా రాలేదు. ఆలస్యమైందంటే ఏదో ఉందనే అర్థం, మళ్ళీ రెండోసారి చూస్తున్నారేమో, అని నాలో నేనే అనుకున్నాను. హారిక రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేది. దాని గొంతు వినగానే తెలిసిపోయేది, అది అడగకుండా ఆపుకుంటోందని. "అన్నం తిన్నావా అమ్మా?" అనేది. "తిన్నానే. నువ్వు?" అనేదాన్ని. అంతే.

ఆరో రోజు మధ్యాహ్నం, గుడివాడ నుంచి వచ్చిన లారీ డ్రైవరుకి బ్రేక్ లైనర్ల బిల్లు రాస్తుంటే ఫోన్ మోగింది. మెసేజ్. చదవలేకపోయాను. మా ఆయన్ని పిలిచి ఫోన్ చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"నాట్ డిటెక్టెడ్ అని ఉంది."

"ఇంకోసారి చూడండి."

"అదే ఉంది రాజ్యం."

డ్రైవరు బిల్లు కోసం నిలబడి ఉన్నాడు. మా ఆయన అతని వంక చూసి, "ఒక్క నిమిషం బాబూ" అని గోడౌన్‌లోకి వెళ్ళిపోయారు. చాలాసేపటిదాకా బయటికి రాలేదు. నేను బిల్లు పూర్తి చేశాను. సగం అంకెలు కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది.

సాయంత్రం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. "ఇప్పుడు నమ్మొచ్చమ్మా" అన్నారు. లివర్ కాస్త దెబ్బతింది కాబట్టి ఆరు నెలలకోసారి వచ్చి కనిపించమన్నారు. నాకు సంతోషం వస్తుందని చూశాను. రాలేదు. మర్నాడు పొద్దున కూడా రెప్పలు లాగి చూసుకున్నాను.

ఆ ఆదివారం సుజాత గారే హారికని వెంటబెట్టుకుని వచ్చి దింపారు. కాగితం చూపించబోతే, "వద్దు వదిన గారూ" అంటూనే చేతిలోకి తీసుకుని చివరిదాకా చదివారు.

ఆగస్టు

హారికది కూడా ఓ నెగెటివే. ముందే తెలుసు కాబట్టి హాస్పిటల్లో ఒక యూనిట్ రక్తం తెప్పించి ఉంచారు. పొద్దున పది గంటలకి ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఏడుపు బయటికి వినిపించింది. సుజాత గారు, నేను ఒకరి చేతులొకరం పట్టుకున్నాం. ఊపిరి సరిగా ఆడటం లేదు, కాసేపు పిల్లల వార్డులో ఉంచుతామని బిడ్డని పట్టుకెళ్ళారు. అరగంట తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"బ్లీడింగ్ ఆగడం లేదు. ఉన్న యూనిట్ పెట్టేశాం. ఇంకో రెండు వెంటనే ఏర్పాటు చేయండి."

కిరణ్ ఫోన్ల మీద పడ్డాడు. ఒకటి గుంటూరులో ఉందన్నారు. తేవడానికి మా ఆయన, కిరణ్ కారులో బయల్దేరారు. రెండోది ఎక్కడా లేదు. నేను పక్క వీధిలో ఉన్న బ్లడ్ బ్యాంక్‌కి పరిగెత్తాను. ఆలోచించనే లేదు. కౌంటరు మీద చెయ్యి చాపి, "నాది ఓ నెగెటివ్. నా కూతురికి. తీసుకోండి" అన్నాను.

అక్కడున్న అమ్మాయి ఫారం తీసింది. పేరు, వయసు రాసింది. "పచ్చకామెర్లు, హెపటైటిస్ లాంటివి ఎప్పుడైనా వచ్చాయా అమ్మా?"

అబద్ధం చెబితే? ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. మీ దగ్గర దాచడం ఎందుకు.

"వచ్చింది. తగ్గిపోయింది. ఇదిగో కాగితం." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసి పరిచాను. "చూడండి, లేదని రాశారు. ఏమీ లేదు."

ఆమె ఆ కాగితాన్ని చదివి, జాగ్రత్తగా మడత పెట్టి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చింది. "తగ్గినా తీసుకోకూడదండీ. ఇంక ఎప్పటికీ తీసుకోకూడదు. మీవాళ్ళలో ఇంకెవరిదైనా ఈ గ్రూపు ఉందా?"

ఉంది.

తొమ్మిది నెలలుగా నొక్కని నంబరు నొక్కాను. వెనక చెరువు మోటార్ల మోత, చేపల పట్టుబడి చేస్తున్నవాళ్ళ అరుపులు.

"అక్కా?"

"శ్రీనూ. హారికకి రక్తం పోతోందిరా. ఆగట్లేదు. నీ గ్రూపు కావాలి."

మోటార్లు ఆపమని ఎవరికో కేక వేశాడు.

"ఏ హాస్పిటలు?" అన్నాడు.

రెండు గంటల్లో బ్లడ్ బ్యాంక్‌కే వచ్చాడు. మోకాళ్ళదాకా బురద ఆరిపోయి ఉంది. చొక్కా నిండా చేపల వాసన. నా వంక చూడకుండా నేరుగా లోపలికెళ్ళి మంచం మీద పడుకుని చెయ్యి చాపాడు. రక్తం తీశాక లేచి, "ఇంక పట్టుకెళ్ళండి" అన్నాడు.

"టెస్టులు అవ్వాలండీ. రెండు మూడు గంటలు పడుతుంది" అంది ఆ అమ్మాయి.

"ఏం టెస్టులు?"

"హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, ఇంకా..."

శ్రీను మొహం పాలిపోయింది. రక్తం ఇచ్చినందుకు అనుకుని ఆమె జ్యూస్ తెచ్చిచ్చింది. వాడు దాన్ని పట్టుకుని తాగకుండా నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

గుంటూరు నుంచి తెచ్చిన రక్తం ఎక్కిస్తున్నారని మా ఆయన ఫోన్ చేశారు. బ్లీడింగ్ కొంచెం తగ్గిందట, కానీ ఇంకోటి తప్పకుండా కావాలన్నారట. నేను గోడ గడియారం చూస్తున్నాను. శ్రీను నేల చూస్తున్నాడు. వాడి మోకాలు ఆగకుండా ఊగుతోంది.

"అక్కా, నాకుంటే?"

వాడి చేతిలో జ్యూస్ తీసి పక్కన పెట్టాను.

"నాకుంటే అది పిల్లకి పనికిరాదు కదా. ఇంత దూరం వచ్చి..." "నువ్వు టెస్టు చేయించుకోమన్నావు చూడు, ఆ రోజు నుంచీ నాకు భయమే. నువ్వు కనిపిస్తే చాలు, నాక్కూడా ఉంటుందనిపించేది. అందుకే నిన్ను..." ఆగిపోయాడు. "ఇలాగే ఉంటుందా అక్కా, ఈ కూర్చోవడం?"

"ఇలాగే ఉంటుంది."

"ఎన్నాళ్ళు కూర్చున్నావు?"

"మొదటిసారి మూడు నెలలు. రెండోసారి మూడు నెలలు."

వాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఫర్వాలేదురా అని నేను అనలేదు. అనలేకపోయాను. ఆ పందిట్లో నేను నిలబడ్డ చోటు ఇంకా నా కళ్ళముందే ఉంది. కానీ వాడి మోకాలు అలా ఊగుతుంటే చూడలేక, దాని మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కిపట్టాను. వాడు నా చెయ్యి తీసెయ్యలేదు.

నాలుగు దాటాక ఆ అమ్మాయి రక్తం సంచితో బయటికొచ్చింది. "అన్నీ నెగెటివ్. త్వరగా తీసుకెళ్ళండి."

శ్రీను లేచి సంచి అందుకున్నాడు. రెండడుగులు వేసి, మెట్ల దగ్గర ఆగి, గోడకేసి తిరిగాడు. భుజాలు కదిలాయి. తర్వాత మొహం తుడుచుకుని పరిగెత్తాడు. నేను వెనకాల పరిగెత్తాను.

ఆరు గంటలకి డాక్టరమ్మ బయటికొచ్చి, "ఆగింది. రేపటిదాకా ఐసీయూలో ఉంచుతాం. మాట్లాడుతోంది" అంది. కిరణ్ నేల మీద కూలబడిపోయాడు. సుజాత గారు దండం పెట్టారు. కాసేపటికి పిల్లల వార్డు నుంచి నర్సు బిడ్డని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. "ఊపిరి బాగానే ఉంది. తల్లి దగ్గర ఇవాళ ఉంచలేం. ఎవరు పట్టుకుంటారు?"

నేను కదల్లేదు. గోడకి ఇంకాస్త ఆనుకున్నాను. సుజాత గారు నర్సు వైపు ఒక అడుగు వేసి, ఆగి, నా వైపు తిరిగారు.

"అమ్మమ్మని మీరు. మీరే పట్టుకోండి వదిన గారూ."

వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళి మోచేతులదాకా సబ్బుతో కడుక్కున్నాను. జబ్బు తెలిసినప్పటినుంచి వచ్చిన అలవాటు. ఎన్నిసార్లు కడిగినా తృప్తి ఉండదు. తుడుచుకున్నాను. మళ్ళీ పంపు తిప్పాను. మళ్ళీ సబ్బు రాసుకున్నాను. మూడోసారి పంపు మీద చెయ్యి వేసేసరికి వెనకనుంచి నర్సు, బిడ్డని ఎత్తుకునే నా పక్కకి వచ్చి నిలబడింది. నా సంగతి ఆమెకేమీ తెలియదు. పొద్దుటినుంచీ డ్యూటీలో ఉన్న మనిషి, అలసిపోయి ఉంది.

"చాలమ్మా," అంది. "శుభ్రంగానే ఉన్నాయి చేతులు. పట్టుకోండి."